మేస్త్రీ అభిమానము – జట్టు బంధము

పని అనగానే మనకు ముందుగా తోచేది కూలి. ఎన్ని గంటల పనికి ఎంత కూలి, నెలకు ఎంత జీతము అని లెక్క వేస్తాము. అయితే ఏ పనిచోటునైనను నాలుగు దినములు నిలిచి చూచినవారికి మరొక లెక్క కూడ కనుపిస్తుంది. అది చిట్టాలోనికి ఎక్కదు. పని పంచేవానికి ఎవరి మీద మనసున్నది, ఎవరి మీద లేదు. జట్టులోనివారు ఎవరిని తమవానిగా ఎంచుకొన్నారు, ఎవరిని ఎడముగా ఉంచినారు అన్నదే ఆ లెక్క. కూలి అందరికి ఒక్కటే అయినప్పటికి, ఈ రెండవ లెక్క తేడాపడిన చోట ఒకడు ఉత్సాహముతో పనికి వస్తాడు, మరొకడు కాళ్లీడ్చుకొంటూ వస్తాడు. పనివానికి, పని చేయించేవానికి నడుమ ఏర్పడే ఈ అభిమానమును గురించి, జట్టులో చేరిక అనే బంధమును గురించి ఈనాడు కొంత ఆలోచింతము.

ఆలోచనకు దూరము పోనక్కరలేదు. వరంగల్లులోని కాశిబుగ్గనే తీసికొందాము. బుగ్గ అనగా నీటి ఊట. ఇక్కడ నీటి ఊటతో పాటు కష్టజీవుల ఊట కూడ ఎన్నడును ఎండలేదు. కాశిబుగ్గకు చేరువనే ఎనుమాముల వ్యవసాయ మార్కెట్టు ఉన్నది. పత్తి, మిరప వచ్చే దినములలో ఆ యార్డు బస్తాలతో నిండిపోతుంది. బస్తాలు దించే హమాలీలు, తూకము వేసే దడ్వాయిలు, రాలిన గింజను, కాయను చేటలతో ఎత్తిపోసే చాట కూలీలు, లెక్క వ్రాసే గుమాస్తాలు, సరుకు అమ్మించే అడ్తిదారులు – ఎవరి పని వారిది. అయినను ఒకరి పని నిలిచినచో అందరి పనియు నిలుస్తుంది. ఇదే నగరములో 1934లో నిజాము ప్రభువు మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున ఆజంజాహీ మిల్లు వెలసినది. నిజాము పెద్ద కుమారుడు ఆజం జా పేరు దానికి పెట్టినారు. తరములుగా వేలాది కుటుంబములు ఆ మిల్లు కూతను బట్టి పొద్దు లెక్కించుకొన్నవి. 2002లో అది శాశ్వతముగా మూతపడినది. కొత్తవాడలో జంపఖానాలు నేసే మగ్గములు వేరుగా ఉన్నవి. ఆ వరంగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. మిల్లు, మార్కెట్టు, మగ్గము – ఈ మూడు చోట్లను పని పంచేవాడొకడు, పని అందుకొనేవారు కొందరు ఉంటారు. కనుక మన ప్రశ్నకు ఈ నేల చాలును.

మొదటి సంగతి – అభిమానము ఎట్లు పుడుతుంది? గుణమును చూచి పుడుతుందని మన నమ్మకము. పరిశోధకులు చూచినది కొంత వేరుగా ఉన్నది. 1950లో ఫెస్టింగర్, షాక్టర్, బాక్ అను ముగ్గురు అమెరికా పండితులు ఒక విద్యాలయపు నివాసగృహములలోని స్నేహములను లెక్కించి ప్రకటించినారు. ఆ ఇండ్లను ఎవరు ఎవరికి చేరువగా ఉండవలెనని కోరి తీసికొనలేదు. అయినను పక్క గుమ్మమువారే స్నేహితులైనారు. నాలుగు గుమ్మముల అవతలివారు అంతగా కాలేదు. మెట్ల మొదట ఉన్న ఇంటివారికి స్నేహితులెక్కువ. ఏలననగా పైకి పోయే వారందరు ఆ గుమ్మము ముందుగానే నడిచేవారు. అనగా రోజూ కనబడుటయే ఇష్టమునకు సగము కారణము. తరువాత 1960 దశకములో డాన్ బర్న్ అను మనస్తత్త్వవేత్త, మన అభిప్రాయములతో ఎదుటివాని అభిప్రాయములు ఎంత పాలు కలిస్తే అంత పాలు అతడు మనకు నచ్చుతాడని వరుస ప్రయోగములతో చూపినాడు. మూడవ కారణము అందరికి అనుభవములోనిదే: మనలను ఇష్టపడేవారిని మనము ఇష్టపడతాము.

ఈ మూడింటిని మన వాడకు అన్వయించి చూడుడు. మేస్త్రీది, కూలివానిది ఒకే ఊరు. ఒకే వీధిలో కాపురము. ఒకే హోటలులో ఉదయపు చాయ. మాట యాస ఒకటి, మొక్కే దేవుడొకడు, తరచుగా కులమును ఒకటే. అప్పుడు మేస్త్రీకి అతని మీద మనసు పోవుట సహజము. దానిలో కుట్ర లేదు, దురాశ లేదు. అయితే దూరపు ఊరి నుండి వచ్చినవాడు, మాట వేరైనవాడు, సంకోచము చేత మేస్త్రీ ముందు నోరు విప్పలేనివాడు కూడ అదే పనికి వచ్చినాడు. అతని చేతిలో పనితనము ఉన్నది. కాని మేస్త్రీ కంట పడే దారి అతనికి లేదు. మేస్త్రీ ఎవరికిని అన్యాయము చేయవలెనని తలచలేదు. అయినను అన్యాయము జరిగినది. ముఖము చూచి బొట్టు పెట్టుట అని మనవారు ఊరకే అనలేదు. చిక్కేమనగా, బొట్టు పెట్టేవానికి తాను ముఖము చూస్తున్నానన్న తెలివి ఉండదు.

స్నేహితుల నడుమ ఇష్టాయిష్టములు ఉంటే నష్టము లేదు. ఇష్టము లేనివాని ఇంటికి పోము, అంతే. పని పంచేవాని చేతిలో అదే ఇష్టము మరొక రూపము దాలుస్తుంది. దీనికి మన దేశపు బట్టల మిల్లుల చరిత్రయే సాక్ష్యము. ఆ మిల్లులలో కూలీలను తెచ్చువాడు, పనిలో పెట్టువాడు, పని నేర్పువాడు, సెలవు ఇచ్చువాడు, తీసివేయువాడు ఒక్కడే. అతనిని బొంబాయిలో జాబర్ అన్నారు; ఇతర చోట్ల సర్దారు, ముకద్దం అన్నారు; మన దక్షిణదేశమున మేస్త్రీ అన్నారు. విట్లీ అధ్యక్షతను ఏర్పడిన రాయల్ కార్మిక సంఘము 1931లో సమర్పించిన నివేదికలో ఈ పద్ధతిని గురించి వివరముగా వ్రాసి, పనిలో చేరుటకు, చేరిన పని నిలుచుటకు కూలీలు జాబరుకు లంచమిచ్చుకొనవలసి వస్తున్నదని చూపి, కూలీలను చేర్చుకొనే అధికారము అతని చేతి నుండి తీసివేయవలెనని సూచించినది.

మిల్లులలో బద్లీ పని అని మరొకటి ఉండేది. నికరమైన ఉద్యోగము లేనివాడు పొద్దున్నే మిల్లు ద్వారము వద్ద నిలబడతాడు. రాని కూలీ స్థానమున ఎవరిని పిలుస్తారా అని ఎదురుచూస్తాడు. పిలుపు వచ్చిన దినమున ఇంట అన్నము. రాని దినమున అప్పు. ఆ ద్వారము వద్ద నిలిచిన ఇరువది మందిలో ఎవరి వైపు వేలు చూపవలెనో నిర్ణయించేది ఒక్కని చూపు. ఆ చూపు దయగలదే కావచ్చును. కాని దయ ఒకరిపై పడినప్పుడు మిగిలిన పందొమ్మిది మంది వెనుదిరిగి పోవలసినదే. బొంబాయి మిల్లులలో 1935లో బద్లీలకు కార్డులిచ్చి వరుస ఏర్పరచే పద్ధతి పెట్టినారు. దానితో జాబరు పలుకుబడి కొంత తగ్గినది. స్వతంత్రము వచ్చిన తరువాత 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, 500 లేక అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీలలో సంక్షేమాధికారి ఉండవలెనని విధించినది. ఇవన్నియు ఒక్క మనిషి ఇష్టాయిష్టముల మీద ఒక కుటుంబపు కూడు ఆధారపడరాదని చేసిన ఏర్పాట్లే.

అయితే ఒక న్యాయమైన మాట చెప్పవలెను. మేస్త్రీ అధికారము ఒంటివైపుది కాదు. కూలీలు అతని మాట వినకపోతే మిల్లు యజమానికి అతనితో పని లేదు. కనుక అతడు వారి పెండ్లికి అప్పు ఇప్పించవలెను, తగవు తీర్చవలెను, జబ్బు చేసినవానికి సెలవు సంపాదించవలెను. కూలీల అభిమానము అతనికి పెట్టుబడి వంటిది. ఆకర్షణ పైనుండి క్రిందికే కాదు, క్రిందినుండి పైకి కూడ ప్రవహిస్తుంది.

1975లో డాన్సరో, గ్రేన్, హాగా అను పరిశోధకులు ఈ సంగతిని శాస్త్రీయముగా నిరూపింప పూనుకొన్నారు. అంతకుముందు పండితులు ఒక అధికారి తన క్రింది వారందరితోను ఒకే తీరున మెలగుతాడని భావించేవారు. వీరు ఒక్కొక్క జంటను వేరువేరుగా చూచినారు. ఒకే అధికారి క్రింద రెండు వలయములు కనుపించినవి. లోపలి వలయమువారితో సంప్రదింపు, నమ్మకము, మంచి పని, మన్నింపు. బయటి వలయమువారితో ఆజ్ఞ, హాజరు పట్టీ, అంతే. ఈ వలయములు పరిచయమైన తొలి కాలముననే ఏర్పడినవి. ఆ తరువాత జరిగేది మనము ఊహింపవచ్చును. లోపలివానికి నేర్చుకొనదగిన పని దొరుకుతుంది గనుక అతడు మెరుగుపడతాడు. బయటివానికి మోత పనియే మిగులుతుంది గనుక అతడు ఎక్కడివాడక్కడనే ఉంటాడు. సంవత్సరము తరువాత అధికారి ఇద్దరిని చూచి, ‘నేను ముందే అనుకొన్నాను’ అంటాడు. నిజమునకు అతడు ముందుగా అనుకొనుటయే ఆ తేడాను కలిగించినదని అతనికి తోచదు.

ఇక రెండవ సంగతి, జట్టు బంధము. మనుష్యునికి ఒక జట్టులో తానొకడననిపించుకొనవలెననే కోరిక ఆకలి వంటిది. 1971లో హెన్రీ టాజ్ఫెల్, అతని సహచరులు ప్రకటించిన ప్రయోగములలో, బడి పిల్లలను ఏదో స్వల్పకారణము చెప్పి రెండు జట్లుగా విడదీసినారు. తన జట్టువారెవరో ఒక్కరికిని తెలియదు. తనకు వచ్చే లాభమును లేదు. అయినను డబ్బు పంచుమంటే తన జట్టువానికి ఎక్కువ, అవతలివానికి తక్కువ వ్రాసినారు. పేరు మాత్రపు జట్టుకే ఇంత బలమున్నప్పుడు, ఒకే బస్తాకు చేయి కలిపిన జట్టుకు ఎంత బలముండవలెను!

హమాలీ పనిలో ఈ బలము కంటికి కనబడుతుంది. బరువైన బస్తాను ఒక్కడే వీపునకెత్తుకొనలేడు. ఇద్దరు అందించవలెను. అందించేవాని చేయి ఒక క్షణము ముందు జారినా, వెనుక జారినా మోసేవాని నడుము పోతుంది. ఇక్కడ తోటివాని మీద నమ్మకమనేది మంచి మాట మాత్రమే కాదు, శరీర రక్షణ. జట్టు కట్టి పని చేసి వచ్చిన దానిని పంచుకొనేవారికి ఒకని సోమరితనము అందరికి నష్టము, ఒకని నేర్పు అందరికి లాభము.

ఈ జట్టు లోపలికి మేస్త్రీ అభిమానము ప్రవేశించినప్పుడు ఏమి జరుగుతుంది? అభిమానము దొరకనివానికి నష్టమని అందరమును ఎరుగుదుము. దొరికినవానికి కలిగే నష్టమును మనము ఎక్కువగా తలచము. మేస్త్రీ ఒకనిని పిలిచి భుజము తట్టినాడనుకొనుడు. ఆ సాయంత్రము అతడు జట్టులోనికి వచ్చేసరికి మాటలు ఆగిపోతవి. మన మాట పైకి చేరవేస్తాడేమోనని తోటివారి శంక. చాయ తాగుటకు అతనిని పిలువరు. పైవాని ప్రీతి, తోటివారి ప్రీతి రెండును ఒక్కసారి నిలుపుకొనుట కష్టము. తెలివిగల పనివాడు కొన్ని వేళల పైవాని మెప్పును కావలెనని వదలుకొంటాడు. అది సోమరితనము కాదు; జట్టులో తన చోటును కాపాడుకొనుట.

అమెరికాలో షికాగో చెంత హాథార్న్ అను చోట ఒక పెద్ద టెలిఫోను సామగ్రి కర్మాగారములో 1931 నవంబరు నుండి 1932 మే వరకు పదునలుగురు పనివారిని ఒక గదిలో ఉంచి వారి నడవడిని గమనించినారు. ఎక్కువ పని చేస్తే ఎక్కువ కూలి వచ్చే ఏర్పాటే ఉన్నది. అయినను ఆ పదునలుగురు రోజుకు ఇంత పని చాలునని తమలో తాము ఒక మేర పెట్టుకొన్నారు. దానిని మించినవానికి ఎగతాళి, తగ్గినవానికి ఎగతాళి, పైవారికి చెప్పినవానికి వెలి. వారిపైనున్న చిన్న అధికారియు ఆ కట్టుబాటును చూచి చూడనట్లు ఊరకున్నాడు. డబ్బు చేయలేని పనిని జట్టు కట్టుబాటు చేసినది.

అదే కర్మాగారమున 1927లో ఆరుగురు యువతులతో ఆరంభించిన మరొక గది కథ ఇంకను ప్రసిద్ధమైనది. వారిని ఆదరముగా చూచినందున పని పెరిగినదని లోకమంతట చెప్పుకొన్నారు. విశ్రాంతి సమయములు, కూలి లెక్కించే పద్ధతి కూడ అక్కడ మారినందున, పెరుగుదలకు ఆదరమొక్కటే కారణమని చెప్పవీలులేదని తరువాతి పండితులు విమర్శించినారు. మనకు ముఖ్యమైన వివరము మరొకటి ఉన్నది. 1928 జనవరిలో, మాటలెక్కువని, సహకరించుట లేదని ఇద్దరు యువతులను ఆ గది నుండి తీసివేసి, వారి స్థానమున వేరిద్దరిని తెచ్చినారు. ఆ గదిలోని స్నేహమును గురించి వినేటప్పుడు తలుపు బయటికి పోయిన ఆ ఇద్దరిని కూడ తలచుకొనవలెను. ప్రతి ఆత్మీయ బృందమునకు ఒక గుమ్మముంటుంది. దానికి లోపలివారెవరు, బయటివారెవరు అని నిర్ణయించేది ఎవరన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు మన దేశముననే ఒక మంచి సమాధానము దొరికినది. 1953లో అహమ్మదాబాదులోని కాలికో మిల్లులలో ఏ.కె. రైస్ అను ఆంగ్ల పరిశోధకుడు స్వయంచాలక మగ్గముల శాలను చూచినాడు. కొత్త యంత్రములు వచ్చినను బట్ట అనుకొన్నంతగా రాలేదు. పనిని తునకలు చేసి ఒక్కొక్కనికి ఒక్కొక్క తునక ఇచ్చినారు; ఎవడు ఏ జట్టువాడో ఎవరికిని తెలియదు. ఒక చిన్న జట్టు కొన్ని మగ్గముల బాధ్యతనంతయు వహిస్తే ఎట్లుండునని అతడు సూచించినాడు. పర్యవేక్షకులు, పనివారు ఆ ఊహను వెంటనే తమదిగా చేసికొన్నారు. ఎవరు ఎవరితో కలిసి పనిచేయవలెనో పనివారే ఏర్పరచుకొని, ఏడుగురేసి జట్లు కట్టినారు. తొలి ఒడిదుడుకుల తరువాత నేత మెరుగైనది, చెడుగుడ్డ తగ్గినది. ఇక్కడ ఇష్టమును ఎవరును నిషేధింపలేదు. పైవాని ఇష్టమునకు బదులుగా తోటివారి పరస్పరపు ఇష్టమునకు చోటిచ్చినారు, అంతే.

మరొక జాతి ఆకర్షణను గూర్చి చెప్పక తప్పదు. పని పంచేవాడు పురుషుడు, పని అందుకొనేది స్త్రీ అయిన చోట అభిమానమనే మాట వేరొక అర్థమునకు దిగజారవచ్చును. చాట కూలీ, ఇండ్ల కట్టడపు కూలీ, దుకాణములోని అమ్మాయి – రేపటి పని ఎవరి నోటి మాట మీద ఆధారపడి ఉన్నదో అతని చనువును ఆమె ఎట్లు కాదనగలదు? ఆమె నవ్వి ఊరకున్నదంటే సమ్మతించినదని అర్థము కాదు. రేపటి కూలిని తలచుకొన్నదని అర్థము. 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పులో ఈ సంగతిని గుర్తించి మార్గసూత్రములను ఏర్పరచినది. 2013లో పార్లమెంటు చట్టమే చేసినది. పదిమంది లేక అంతకు మించి పనివారున్న ప్రతిచోటను అంతర్గత ఫిర్యాదుల సంఘము ఉండవలెను. అంతకు తక్కువవారున్న చోట పనిచేసే స్త్రీల కొరకు, యజమాని మీదనే ఫిర్యాదు ఉన్న స్త్రీల కొరకు, జిల్లాకొక స్థానిక సంఘము ఉండవలెను. ఇంటిపని చేసేవారికి కూడ ఈ రక్షణ వర్తిస్తుంది. ఈ మాట మీ ఇంట పనిచేసే ఆమెకు తెలిసియుండకపోవచ్చును; తెలుపవలసిన బాధ్యత వినుచున్న మనది.

అయితే మేస్త్రీ రాయివలె ఉండవలెనా? ఎవరిని ప్రేమింపరాదా? అది సాధ్యము కాదు, మంచిదియు కాదు. మన దేశపు మనస్తత్త్వవేత్త జై బి.పి. సిన్హా 1980లో ప్రకటించిన గ్రంథములో దీనిని గురించి ఆలోచించినాడు. మన దేశమున పనివాడు పై అధికారి నుండి కేవలము ఆజ్ఞను కాక, ఇంటి పెద్ద వంటి ఆదరమును కూడ ఆశిస్తాడు. ఆ ఆదరమును ఇవ్వవలెను. కాని అది పనిచేసినందుకు దక్కేది కావలెను గాని, కొలువులో వంగి నిలిచినందుకు దక్కేది కారాదు. పనివాడు ఎదిగినకొద్ది అధికారి తన చేతిని మెల్లగా తీసికొని, అతనిని తన కాళ్ల మీద నిలువనీయవలెను. ఆ గ్రంథపు ఆలోచనలోని సారము ఇది.

దీనిని మన మార్కెట్టు భాషలోనే చెప్పుకొనవచ్చును. దడ్వాయి తూకము వేసేటప్పుడు తనకు తెలిసిన రైతుతో నవ్వుతాడు, యోగక్షేమములు అడుగుతాడు. తెలియని రైతుతో అంతగా మాటాడడు. దానిని ఎవరును తప్పుపట్టరు. కాని కాంటా మీది అంకె ఇద్దరికి ఒక్కటే కావలెను. నవ్వు తన ఇష్టము. అంకె తన ఇష్టము కాదు. అందుకనియే కాంటాను అందరికి కనబడే చోట పెడతారు. పని పంపకమునకు కూడ ఇటువంటి కాంటా ఒకటి కావలెను. ఎవరి వంతు ఎప్పుడో ముందుగానే వ్రాసి అందరు చూచే చోట ఉంచుట. బరువు పని, తేలిక పని వరుసగా మార్చుట. కొత్తవానికి నేర్పు పనిని నియమముగా ఇచ్చుట. ఒకనిని తీసివేయవలసి వచ్చినప్పుడు ఒక్క నోటి మాటతో గాక ఇద్దరు ముగ్గురు కూర్చుండి యోచించుట – ఇవి ఖర్చు లేని ఏర్పాట్లు. మేస్త్రీ కూడ తనను తాను ఒక ప్రశ్న అడుగుకొనవచ్చును: ఈ నెలలో నేను పేరు పెట్టి పిలువనివాడు నా జట్టులో ఎవడు?

ఆ ప్రశ్నకు జవాబుగా ఒక ముఖము తప్పక తోస్తుంది. ఆజంజాహీ మిల్లు మూతపడిన దినమున పనివారు పోగొట్టుకొన్నది నెల జీతమొక్కటే కాదు. పక్క యంత్రము వద్ద నిలిచిన మనిషిని, ఒకే కూతకు లేచే జీవితమును, ‘మా ఖాతా’ అని చెప్పుకొనే గర్వమును కూడ పోగొట్టుకొన్నారు. ఒక పనిచోటు మూతపడితే అందరును బయటపడతారు. తెరచియున్న పనిచోటనే, తోటివారి నడుమనే, దినదినము బయట నిలిచినవాడు ఒకడుంటాడు. అతడు ఫిర్యాదు చేయడు. హాజరు పట్టీలో అతని పేరు ఉంటుంది. ఎనుమాముల యార్డులో గాని, కొత్తవాడ మగ్గము వద్ద గాని, మీ కార్యాలయములో గాని, రేపు ఉదయము పని పంచేటప్పుడు మొదటి పిలుపు అతనికి ఇచ్చి చూడుడు. అతని చేతిలో ఏ నేర్పు ఉన్నదో అప్పుడు గదా మీకును, జట్టుకును తెలిసేది!